ఇంట్లో కోయ.. బడిలో తెలుగు.. పుస్తకంలో ఆంగ్లం
ఐదో తరగతి తరువాత ఏ బడి? చర్ల తల్లిదండ్రుల ముందున్న దారులు

చర్ల: కోయ ఇళ్లలో నీటిని ‘ఏరు’ అంటారు. తెలుగు వాచకంలో అదే మాటకు అర్థం వాగు. ఆంగ్ల పుస్తకంలో నీరు ‘వాటర్’ అవుతుంది, హిందీ పాఠంలో ‘పానీ’ అవుతుంది. చర్ల మండలంలోని ఆదివాసీ గూడెంలో పుట్టిన చిన్నారి ఈ నాలుగు భాషల మధ్య చదువు సాగించాల్సి వస్తోంది. ఐదో తరగతి పూర్తయ్యేసరికి తల్లిదండ్రులకు మరో చిక్కు ఎదురవుతుంది. దగ్గరలోని ఆశ్రమ పాఠశాలలో రాష్ట్ర సిలబస్ చదివించాలా, లేక నవోదయ, ఏకలవ్య వంటి కేంద్ర పాఠశాలలకు పంపాలా? ‘ఎక్కడ ఇంగ్లిషు బాగా వస్తుంది?’ అన్నదే చాలామంది అడిగే ప్రశ్న. అయితే అంతకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. బిడ్డకు ఇప్పటికి ఏ భాషలోనైనా చదివి అర్థం చేసుకోవడం వచ్చిందా?

సిలబస్ వేరు.. మాధ్యమం వేరు

రాష్ట్ర సిలబస్ అంటే తెలుగు మాధ్యమం, సీబీఎస్ఈ అంటే ఆంగ్లం అన్న అభిప్రాయం ఇంకా బలంగానే ఉంది. తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో 2022-23 విద్యాసంవత్సరం నుంచి ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఆంగ్ల మాధ్యమం ప్రవేశపెట్టారు. ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఆంగ్లం ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలు అప్పుడే వచ్చాయి. కాబట్టి ఊళ్లోని సర్కారు బడిలో చేరినా పాఠం ఆంగ్లంలో ఉంటుంది. మరోవైపు 2018లో చేసిన చట్టం ప్రకారం రాష్ట్రంలోని సీబీఎస్ఈ పాఠశాలల్లోనూ తెలుగు బోధించాల్సిందే. ఏ బడిలో చేరినా రెండు భాషలూ తప్పవు. తేడా ఉండేది పాఠ్యప్రణాళికలో, వసతిలో, బోధించేవారిలో.

సీబీఎస్ఈ పాఠశాలలు జాతీయ విద్యా పరిశోధన మండలి పుస్తకాలను అనుసరిస్తాయి. నీట్, జేఈఈ వంటి పరీక్షలకు ఆ పుస్తకాలు అక్కరకొస్తాయన్న మాట వాస్తవం. అయితే నీట్‌ను తెలుగులోనూ రాయవచ్చు. జేఈఈ మెయిన్ కూడా 2021 నుంచి తెలుగులో అందుబాటులో ఉంది. రాష్ట్ర సిలబస్‌లో చదివినంత మాత్రాన ఆ తలుపులు మూసుకుపోవు.

కేంద్ర పాఠశాలల్లో ఇలా..

1986 జాతీయ విద్యా విధానం ఫలితంగా వచ్చినవి నవోదయ విద్యాలయాలు. ఆరో తరగతి ప్రవేశానికి రాత పరీక్ష ఉంటుంది. దానిని తెలుగులోనే రాయవచ్చు. కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ విద్యార్థులకే కేటాయిస్తారు. మూడు, నాలుగు, ఐదు తరగతులు గ్రామీణ ప్రాంతంలోనే చదివి ఉండాలి. ఉమ్మడి ఖమ్మం జిల్లాలో పాలేరు నవోదయ చాలాకాలంగా నడుస్తోంది. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకు ప్రత్యేకంగా మరొక విద్యాలయాన్ని 2024 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది.

ఇక్కడ గమనించదగిన అంశం ఒకటుంది. నవోదయల్లో మొదటి రెండేళ్లలో ప్రాంతీయ భాషకు చోటిచ్చి, తరువాతే గణితం, సామాన్యశాస్త్రాలను పూర్తిగా ఆంగ్లంలోకి మార్చే పద్ధతి మొదటినుంచీ ఉంది. పల్లె పిల్లలు ఒక్కసారిగా ఆంగ్లంలోకి దూకలేరన్న అవగాహనే దానికి మూలం.

ఏకలవ్య ఆదర్శ గురుకులాలు గిరిజన విద్యార్థులకు ఉద్దేశించినవి. ఆరు నుంచి పన్నెండో తరగతి వరకు వసతితో కూడిన చదువు ఉంటుంది. గిరిజన జనాభా 50 శాతానికి మించి, కనీసం 20 వేల మంది గిరిజనులున్న ప్రతి బ్లాకులో ఒక ఏకలవ్య ఉండాలన్నది కేంద్రం పెట్టుకున్న లక్ష్యం. 2023లో వీటికి జాతీయ స్థాయిలో ఉపాధ్యాయులను ఎంపిక చేశారు. హిందీ సామర్థ్యాన్నీ పరీక్షించడంతో దక్షిణాది రాష్ట్రాలకు హిందీ ప్రాంతాల వారు ఎక్కువగా వచ్చారు. ఉపాధ్యాయునికి తెలుగు రాక, విద్యార్థికి హిందీ రాక ఇబ్బందులు ఎదురవుతున్నాయన్న ఫిర్యాదులు 2024లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో వినిపించాయి. కోయ తప్ప మరో భాష నోటికి రాని పిల్లలకు ఇది మరింత భారం.

స్థానిక బడికి బలం.. బలహీనత

ఇంటికి దగ్గరగా ఉండటం, పిల్లల మాట తెలిసిన ఉపాధ్యాయుడు దొరకడం స్థానిక గిరిజన సంక్షేమ పాఠశాలలకున్న బలం. ఏజెన్సీలో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇస్తూ 2000లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో నంబరు 3 జారీ చేసింది. నూరు శాతం రిజర్వేషన్ చెల్లదంటూ సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో దానిని కొట్టివేసింది. అప్పటికే నియమితులైన వారిని కొనసాగనిచ్చినా, ఇకపై వచ్చే ఉపాధ్యాయునికి కోయ తెలిసి ఉంటుందన్న భరోసా తగ్గింది.

బలహీనత కూడా దాచిపెట్టేది కాదు. ఒకే ఉపాధ్యాయుడు అన్ని తరగతులూ చూసే బడిలో పుస్తకం ఆంగ్లంలో ఉన్నంత మాత్రాన చదువు ఆంగ్లంలో సాగదు. బల్ల మీది వాక్యాన్ని చూసి రాసుకోవడం వేరు, దాని అర్థం తెలియడం వేరు.

తల్లి భాష మెట్టు

శిశువు చదువు వీలైనంతవరకు మాతృభాషలో సాగాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో ఆ వసతి కల్పించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణ నిర్దేశిస్తోంది. కనీసం ఐదో తరగతి వరకు ఇంటి భాషలో బోధించాలని 2020 జాతీయ విద్యా విధానం సూచించింది. అయితే మాధ్యమాన్ని బలవంతంగా రుద్దరాదని, ఎంపిక తల్లిదండ్రులదేనని 2014లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది.

ఈ దిశగా 2004లో ఉమ్మడి రాష్ట్రంలో ఒక ప్రయత్నం జరిగింది. కోయ, గోండి, కొలామి, సవర తదితర ఎనిమిది భాషల్లో ప్రాథమిక తరగతుల పుస్తకాలను తెలుగు లిపిలో రూపొందించారు. పిల్లలు తమ మాటతో మొదలై క్రమంగా తెలుగులోకి, ఆపై ఆంగ్లంలోకి రావాలన్నది దాని ఉద్దేశం. చదవడమనే నేర్పు ఒకసారి అబ్బితే మరో భాషకు అది తోడవుతుందన్నది భాషావేత్తల మాట. అక్షరాలు మారినా, వాక్యాన్ని పట్టుకుని భావాన్ని ఊహించే అలవాటు మారదు.

ఆంగ్లం మెరుగుపడాలంటే..

ద్విభాషా పుస్తకంలో ముందు తెలుగు పుట చదివించాలి. భావం తెలిశాక ఎదుటి ఆంగ్ల పుట చదివిస్తే కొత్త మాటలు సులువుగా నిలుస్తాయి. రోజుకు ఐదు మాటలు చాలు. ఇంట్లో కనిపించే వస్తువులు, పొలం పనులు, చెట్ల పేర్లతో మొదలుపెట్టి వాటితో చిన్న వాక్యాలు పలికించాలి. చదువురాని తల్లి కూడా ఈ పనిలో భాగం కాగలదు. ఈరోజు పాఠంలో ఏముందో కోయలో చెప్పమని అడిగితే, బిడ్డకు అర్థమైందో లేదో ఆమెకే తెలిసిపోతుంది. తప్పు మాట్లాడినప్పుడు నవ్వకూడదు. నవ్విన చోట పిల్లలు మళ్లీ నోరు విప్పరు.

నిర్ణయానికి ముందు

బిడ్డ రెండో తరగతి తెలుగు పాఠాన్ని తడబడకుండా చదువుతుంటే, ఇల్లు విడిచి ఉండగలిగితే కేంద్ర పాఠశాలల ప్రవేశ పరీక్షకు సిద్ధం చేయవచ్చు. ఇంకా కూడబలుక్కుని చదివే స్థితిలో ఉంటే ముందు ఆ లోటు తీర్చాలి. చేర్చేముందు ఒకసారి బడికి వెళ్లి తెలుగు చెప్పేవారున్నారా, వెనుకబడినవారికి విడిగా తరగతులు పెడుతున్నారా, పిల్లలతో ఫోనులో మాట్లాడనిస్తారా అన్నవి అడిగి తెలుసుకోవాలి. కుల, నివాస, జనన ధ్రువపత్రాలను నాలుగో తరగతిలోనే సమకూర్చుకోవడం మేలు. ముఖ్యంగా 2005 తరువాత ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి ఇక్కడి అడవుల్లో స్థిరపడిన గుత్తికోయ కుటుంబాలకు ఎస్టీ ధ్రువపత్రం పెద్ద సమస్యగా ఉంది. ఐదో తరగతిలో ఉపాధ్యాయుడు దరఖాస్తు నింపే రోజున పత్రం లేక ఆగిపోతే, బిడ్డ ప్రతిభ ఎంతున్నా ఆ ఏడాది అవకాశం చేజారుతుంది.

కేంద్ర పాఠశాలలో సీటు వస్తే సంతోషించాల్సిందే. రాకపోతే చదువు ముగిసినట్లు కాదు. చదివినది అర్థమయ్యే బిడ్డ ఆశ్రమ పాఠశాల నుంచైనా ఆంగ్లం అందుకోగలడు. అర్థం కాని బిడ్డను ఎంత పెద్ద బడిలో చేర్చినా, ఏదో ఒక పండుగ సెలవులకు ఇంటికొచ్చి తిరిగి వెళ్లనని మొండికేస్తాడు. ఆ రోజు రాకుండా చూసుకోవాలంటే బడి పేరుకన్నా ముందు బిడ్డ చదువు తీరును తెలుసుకోవాలి.