డ్రాగ్‌స్టర్ ముక్కు ఎందుకు లేస్తుంది?

ఎర్రుపాలెం నుంచి ఒక పాఠకుడు పంపిన ప్రశ్న ఇది: "పొణికి కర్రతో అడుగు పొడవున డ్రాగ్‌స్టర్ బొమ్మ చేశానండీ. మోటారు ఆన్ చేసి వదిలితే ముక్కు పైకెత్తి వెల్లకిలా పడుతోంది. ఇంకా పొడుగ్గా చేస్తే సరిపోతుందా?" ఈ నెలకు అనుకున్న విషయాన్ని పక్కన పెట్టి దీని గురించే రాస్తున్నాను.

ముందు కర్ర సంగతి. ఎర్రుపాలెంలో రైలెక్కి విజయవాడ వైపు వెళ్తే దారిలోనే కొండపల్లి. అక్కడి బొమ్మలకు వాడే తెల్ల పొణికి చాలా తేలిక, చెక్కడమూ సులువు. చింతగింజల పొడిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో ముక్కలు అతికి, సున్నం పూసి, రంగులేస్తారు. కారు బాడీకి ఇంతకన్నా మంచి పద్ధతి లేదు. కర్రలో చెమ్మ పూర్తిగా పోయేదాకా ఆరనివ్వాలి, లేకపోతే ఇరుసు బెజ్జాలు వంకరపోతాయి. సైకిల్ స్పోకు ఇరుసవుతుంది. అది తిరగడానికి ఖాళీ రీఫిల్ గొట్టం, వెనక చక్రాలకు సైకిల్ ట్యూబు తొడుగు. బొమ్మకు ఇంతే సరంజామా.

ఇక డ్రాగ్‌స్టర్‌లు పోటీపడే అసలు డ్రాగ్ రేసు. నిలబడ్డచోటి నుంచి రెండు బండ్లు పక్కపక్కనే తిన్నగా దూసుకుపోవాలి. మలుపుల్లేవు. కాలిఫోర్నియాలో కుర్రాళ్లు పాత ఫోర్డులను విప్పి తేలిక చేసి, ఎండిన సరస్సుల మీద పరుగెత్తించడంతో ఈ పిచ్చి మొదలైంది. 1951లో వాలీ పార్క్స్ ఎన్.హెచ్.ఆర్.ఎ. అనే సంఘాన్ని స్థాపించాక దానికో కట్టుబాటు వచ్చింది. పందెం దూరం పావు మైలు, అంటే 402 మీటర్లు. అన్నిటికన్నా వేగమైన టాప్ ఫ్యూయల్ తరగతికి 2008లో దాన్ని 305 మీటర్లకు తగ్గించారు. ఆ దూరాన్ని నేటి బండ్లు దాదాపు 3.7 సెకన్లలో దాటుతాయి, ముగింపు గీత దగ్గర వేగం గంటకు 530 కిలోమీటర్ల పైమాటే. సగటు త్వరణం గురుత్వ త్వరణానికి నాలుగు రెట్ల పైమాటే.

ఇప్పుడు ముక్కు దగ్గరికి వద్దాం. బండిని ముందుకు తోసేది నేల. ఆ తోపు వెనక చక్రం నేలను తాకేచోట, అడుగున పడుతుంది. బండి బరువు మాత్రం కాస్త పైన, గరిమనాభి దగ్గర ఉంది. అడుగు భాగం ముందుకు పోతుంటే పైనున్న బరువు వెనకబడుతుంది. దాంతో బండి వెనక్కి తిరగబోతుంది, ముందు చక్రాల మీది భారం వెనక చక్రాల మీదికి జరుగుతుంది. త్వరణం పెరిగేకొద్దీ ఈ జరుగుడూ పెరుగుతుంది. ముందు చక్రాల మీద భారం సున్నా అయిన క్షణాన ముక్కు లేస్తుంది.

లెక్క ఎంత చిన్నదో చూడండి. గరిమనాభి వెనక ఇరుసుకు ఎంత ముందుందో కొలవండి. దాన్ని నేల నుంచి గరిమనాభి ఎత్తుతో భాగించండి. 6 సెంటీమీటర్ల ముందు, 3 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే జవాబు 2. గురుత్వ త్వరణానికి రెండు రెట్లు దాటితే ముక్కు లేస్తుందన్నమాట. ఈ లెక్కలో బండి బరువు లేదు, పొడవు లేదు, సైజు లేదు! ఏడున్నర మీటర్ల అసలు డ్రాగ్‌స్టర్‌కూ అడుగు బొమ్మకూ ఒకటే సూత్రం. అసలు బండి రెక్కల మీద పడే గాలి ఒత్తిడి పక్కన పెడితే, నిష్పత్తి ఒకటే అయినప్పుడు రెండూ ఒకే త్వరణం దగ్గర ముక్కెత్తుతాయి. నాకు భౌతికశాస్త్రంలో ఇంతకన్నా ఇష్టమైన లెక్క లేదు.

కాబట్టి ఎర్రుపాలెం మిత్రుడికి జవాబు: ఊరికే పొడుగు పెంచితే పెద్దగా లాభం లేదండీ. పొడవు బండిని తిన్నగా నడిపిస్తుంది. ముక్కును ఆపేది మాత్రం బరువు ఉన్న చోటు. బ్యాటరీని కిందికి దించి ముందుకు జరపండి. అలాగని మరీ ముందుకు తోస్తే వెనక చక్రాల మీద భారం చాలక అక్కడే తిరుగుతాయి. ముందు చక్రాలు నేలను తాకీ తాకనట్టు ఉన్నప్పుడే బండి అన్నిటికన్నా వేగంగా బయల్దేరుతుంది.

ఆ చోటు ఎక్కడో టైరు పట్టు తేలుస్తుంది. ఇక్కడే పెద్దపెద్దవాళ్లు పొరబడ్డారు. ఘర్షణ బరువును బట్టి ఉంటుందని 1699లో అమాంతో అనే శాస్త్రవేత్త చెప్పాడు, తర్వాత కులూం అనే మరో శాస్త్రవేత్త దాన్ని బలపరిచాడు. ఘర్షణకూ బరువుకూ ఉన్న నిష్పత్తి, అంటే ఘర్షణ గుణకం, 1 దాటదని పట్టుకుని కొందరు ఇంజనీర్లు డ్రాగ్ రేసుకు హద్దు గీశారు. ఆ లెక్కన పావు మైలుకు కనీసం 9 సెకన్లు పట్టాలి, గీత దగ్గర వేగం గంటకు 320 కిలోమీటర్లు దాటకూడదు. 1964 ఆగస్టులో న్యూజెర్సీలో డాన్ గార్లిట్స్ అనే డ్రైవరు రెండు హద్దులూ దాటేశాడు. రబ్బరు ఆ నియమాలకు లొంగదు. అది నేల గరుకులోకి ఒదుగుతుంది, వేడెక్కితే నేలకు అతుక్కుంటుంది. పందెం మొదలయ్యే ముందు వెనక చక్రాలను అక్కడే గిర్రున తిప్పి పొగ లేపేది టైరును వేడెక్కించడానికే. దానికి తోడు వెనకనున్న పెద్ద రెక్కను గాలి టన్నుల బలంతో కిందికి నొక్కుతుంది.

ఇదే గార్లిట్స్ పెద్దల మాటను మరోసారి వమ్ము చేశాడు. 1970లో ట్రాన్స్‌మిషన్ పేలి కుడి పాదంలో కొంత పోగొట్టుకున్నాడు. అప్పటిదాకా చాలా బండ్లలో ఇంజను డ్రైవరు ముందుండేది. మరుసటి ఏడాదే ఇంజనును వీపు వెనక్కి మార్చిన బండితో వచ్చి గెలిచాడు. అలాంటి బండి తిన్నగా పోదన్న పెద్దలు చూస్తుండగానే అందరూ ఆ దారి పట్టారు.

మీ టైరు పట్టును ఇంట్లోనే కొలవచ్చు. కర్రదిమ్మ అడుగున ట్యూబు ముక్క అతికించి, నాపరాతి పలక మీద పెట్టి, పలకను ఒక పక్క మెల్లగా ఎత్తండి. 45 డిగ్రీల దగ్గర జారితే గుణకం 1. తడిగుడ్డతో దుమ్ము తుడిచి, ఆరాక మళ్లీ ఎత్తి చూడండి, తేడా కళ్లకు కడుతుంది. గరిమనాభి కోసం కారును దారంతో వేరువేరు చోట్ల నుంచి వేలాడదీసి, దారం దిక్కున గీతలు గీయండి. అవి కలిసేచోటే గరిమనాభి.

బొమ్మ కార్ల పెట్టెల మీద వేసే మాట ఒకటి నాకు మంట తెప్పిస్తుంది. 1/25 సైజు బొమ్మ గంటకు 20 కిలోమీటర్లు పోతే, 25తో గుణించి అసలు కారు లెక్కన 500 అంటారు. తప్పు. త్వరణాలు సమానం కావాలంటే పొడవు 25 రెట్లు తగ్గినప్పుడు కాలమూ వేగమూ 5 రెట్లే తగ్గాలి. 305 మీటర్ల దారి బొమ్మకు 12.2 మీటర్లు. దాన్ని 0.74 సెకన్లలో దాటితేనే అది టాప్ ఫ్యూయల్‌కు సాటి. గుణకం 1 ఉన్న టైర్లతో ఎంత చేసినా 1.6 సెకన్ల లోపు రాదు. బడిపిల్లల పోటీల్లో 8 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ గొట్టంతో నడిచే కార్లు 20 మీటర్లను సుమారు సెకనులో దాటుతాయి. వాటిని తోసేది గ్యాసు. టైరు పట్టుతో వాటికి పనే లేదు.

ముక్కు లేచే ఈ లెక్కవల్ల ఉపయోగం ఏమిటని అడిగేవారికి ఒక్క మాట. బురదలో దిగబడ్డ ట్రాక్టరు కూడా వెనక ఇరుసు చుట్టూ తిరిగి, ముక్కు లేచి, నడిపేవాడి మీదే పడగలదు. ట్రాక్టరుతో బరువు లాగే గొలుసును ఇరుసు కన్నా ఎత్తున ఎప్పుడూ కట్టకండి, కింది డ్రాబార్‌కే కట్టండి. దిగబడ్డప్పుడు క్లచ్ ఒక్కసారిగా వదలకండి.