వుజూ చేసే చేతులకు సబ్బు కూడా అవసరమే

పెళ్లి దావత్ ముగించుకుని ఇంటికొస్తాం. మర్నాడు రాత్రి పసివాడికి వాంతులు మొదలవుతాయి. మూడోనాటికి వాడి అక్కకు, అమ్మకు, దాదీకి కూడా అదే బాధ. 'నజర్ తగిలింది' అని ఒకరంటాం, 'బిర్యానీ పడలేదు' అని మరొకరంటాం. ఒకే ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు మంచం పట్టడానికి చాలాసార్లు వైరస్ కారణమన్న సంగతి మాత్రం మనకు తట్టదు.

ఇలాంటి వైరస్‌లలో ముఖ్యమైనవి రెండు. రోటా వైరస్ పసిపిల్లలను ఎక్కువగా పీడిస్తుంది. నోరో వైరస్‌కు పిల్లలు, పెద్దలు అన్న తేడా లేదు. రోగి మలం, వాంతి నుంచి ఇవి చేతులకు అంటుకుని, గ్లాసుకు, తలుపు గడియకు, అక్కడి నుంచి మరొకరి నోటికి చేరతాయి. జబ్బు చేయడానికి అతి కొద్ది కణాలు చాలు.

రోజుకు ఐదు పూటలా నమాజు కోసం వుజూ చేసే మనకు చేతుల శుభ్రత కొత్త పాఠం కాదు. నిద్ర లేచాక చేయి కడుక్కోకుండా నీళ్ల పాత్రలో ముంచవద్దని దైవప్రవక్త (స) బోధించారు. అయితే వుజూ చేశాం కదా అని సబ్బును మరచిపోరాదు. మరుగుదొడ్డికి వెళ్లొచ్చాక, బిడ్డకు కడిగాక, వంటకు, భోజనానికి ముందు వేళ్ల సందులు, గోళ్ల కింద సబ్బుతో 20 సెకన్లపాటు రుద్ది కడుక్కోవాలి. శానిటైజర్ నోరో వైరస్‌పై అంతగా పనిచేయదు.

దస్తర్‌ఖాన్ మీద ఒకే పళ్లెంలో కలిసి తినడం మన ఆప్యాయతకు గుర్తు. కానీ వాంతులు, విరేచనాలు అవుతున్నవారు వేరే పళ్లెంలో తినాలి. అవి తగ్గిన తర్వాత కూడా మరో రెండు రోజులు వంట చేయకూడదు. చిక్కంతా ఇక్కడే. చాలా ఇళ్లలో వండేది అమ్మే. నీరసంగా ఉన్నా ఆమే గరిటె పడుతుంది. ఆ నాలుగు రోజులు మగవారు పొయ్యి దగ్గర నిలబడితే ఇల్లంతా జబ్బు పడకుండా ఉంటుంది. దైవప్రవక్త (స) ఇంటి పనుల్లో స్వయంగా పాలుపంచుకునేవారని మనం వింటూనే ఉన్నాం కదా!

వైరస్‌కు యాంటీబయాటిక్ మందులు పనిచేయవు. ఒంట్లోంచి పోయిన నీటిని, లవణాలను తిరిగి భర్తీ చేయడమే అసలు చికిత్స. పెద్ద ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ను లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలిపి, గుక్కగుక్కగా తాగించాలి. తల్లిపాలు ఆపరాదు. బిడ్డ కళ్లు గుంటలు పడినా, మూత్రం తగ్గినా, మగతగా ఉన్నా, మలంలో రక్తం కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. రమజాన్‌లో జబ్బు చేస్తే రోజా విరమించి, తర్వాత ఖజా చేసుకునే వెసులుబాటు ధర్మమే ఇచ్చింది.

రోటా వైరస్‌కు టీకా ఉంది. హైదరాబాద్‌లో తయారైన రోటావాక్ టీకాను 2016లో ప్రభుత్వం తొలుత నాలుగు రాష్ట్రాల్లో ఇచ్చింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. తర్వాత రోటా టీకా దేశమంతటికీ అందింది. బిడ్డకు 6, 10, 14 వారాలప్పుడు దీన్ని ఉచితంగా నోట్లో వేస్తారు. నోరో వైరస్‌కు మాత్రం అలాంటి టీకా మన అందుబాటులో లేదు. దానికి మన చేతుల శుభ్రతే రక్షణ.

ఈ జుమా రోజు స్నానానికి కొత్త సబ్బు తీసేటప్పుడు మరొకటి కూడా తీద్దాం. దాన్ని మరుగుదొడ్డి దగ్గర, పిల్లల చేతికి అందేచోట ఉంచుదాం.