క్రిమికి చక్కెర కవచము

రక్తమందు పుట్టు క్రిములలో కొన్ని అతి సూక్ష్మములగుటచే కంటికి కానరావని చరక సంహిత విమానస్థానమున చెప్పబడినది. నేటి శాస్త్రము సూక్ష్మదర్శినితో చూచిన క్రిములలో న్యుమోకాకస్ ఒకటి. పసిపిల్లలకు న్యుమోనియాను, మెదడుపొరల వాపును కలిగించు ఈ క్రిమికి ముఖ్యబలము దాని కవచమే.

ఆ కవచము దేనితో చేయబడినది? చక్కెరలతో. ఈ సంగతిని 1923లో న్యూయార్కు నగరమున ఏవరీ, హైడెల్‌బర్గర్ అను శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. మూడవ రకపు న్యుమోకాకస్‌ను చూడుడు. గ్లూకోజు ఒకటి, దాని ప్రక్కన గ్లూకురోనిక్ ఆమ్లము ఒకటి, మరల గ్లూకోజు, మరల ఆమ్లము, ఇట్లు పూసల దండవలె కూర్చబడి యుండును. పూసలు గాని, వాని కూర్పు గాని మారినచో క్రిమి రకము మారును. ఇట్టి రకములు నూటికి పైగా కలవు. ఇది మనము తిను పంచదార కాదు. పిల్లలకు తీపి మాన్పించినంత మాత్రమున ఈ కవచము కరగదు.

ఈ దండ నీటిని పీల్చి జిగటగా మారును. క్రిమిని పట్టి మ్రింగవలసిన తెల్ల రక్తకణములకు అది చిక్కక జారిపోవును. కవచము కోల్పోయిన క్రిములు ఎలుకలను చంపజాలవని 1928లో గ్రిఫిత్ చూపెను.

రెండేండ్లలోపు శిశువు దేహము ఒంటి చక్కెరను శత్రువుగా సరిగా గుర్తింపజాలదు. అందుచే టీకాలో ఆ చక్కెరను హాని చేయని మాంసకృత్తుతో జతచేసిరి. మనము ఔషధమునకు అనుపానమును జోడించినట్లు, ఆ తోడుతో చక్కెర గుర్తు దేహమునకు పట్టుబడును. 2021 నుండి దేశమంతట ఈ టీకాను ఉచితముగా ఇచ్చుచున్నారు. 6 వారములు, 14 వారములు, 9 నెలల వయస్సున దీనిని తప్పక వేయింపవలెను.

అయినను టీకా అన్ని రకములను ఆపదు. దగ్గు, జ్వరముతో శిశువు డొక్కలు ఎగురవేయుచున్నను, పాలు త్రాగలేకున్నను జాగు చేయరాదు. శిశువు నెమ్మదిగా నున్నప్పుడు నిమిషమునకు శ్వాసలు లెక్కింపుడు. 2 నెలలలోపు 60, సంవత్సరములోపు 50, ఐదేండ్లలోపు 40, లేక అంతకు మించినచో కషాయములతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను.