మీ కోడ్‌ని రెండేళ్ల తర్వాత మీరే చదవగలరా? ఒక హల్వా కొట్టు బిల్లు కథ

ఫోన్ల రివ్యూల మధ్య ఈసారి కాస్త కోడింగ్ గురించి మాట్లాడుకుందాం. కొత్తగా ప్రోగ్రామింగ్ మొదలుపెట్టినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది "ఏ లాంగ్వేజ్ నేర్చుకోవాలి బ్రో?" అనే. "నేను రాసిన కోడ్ ఇంకొకరికి అర్థమవుతుందా?" అని అడిగినవాళ్లు చాలా తక్కువ. ఒకప్పుడు నేనూ అడగలేదు. దానికి పడిన ఖర్చు 2,700 రూపాయలు. నావి కాదు, మా మావయ్యవి.

మావయ్యకి మాడుగులలో చిన్న హల్వా కొట్టు ఉంది. వైజాగ్ వైపు వాళ్లకి మాడుగుల హల్వా గురించి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం, అది గోధుమ పాలు, నెయ్యితో చేసే స్వీటు. (2022 నుంచి మా ఊరు అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది కానీ, ఎవరైనా అడిగితే ఇంకా వైజాగ్ జిల్లా అనే నోట్లోంచి వస్తుంది.) బీటెక్ మూడో సంవత్సరం సెలవుల్లో ఆ కొట్టులో ఉన్న పాత ల్యాప్‌టాప్ మీద పైథాన్‌లో ఒక బిల్లింగ్ ప్రోగ్రామ్ రాసిచ్చాను. పని చాలా సింపుల్. హల్వా నింపిన పెట్టెని కాటా మీద పెట్టి, వచ్చిన బరువు టైప్ చేస్తారు. ప్రోగ్రామ్ అందులోంచి ఖాళీ పెట్టె బరువు తీసేసి, మిగిలినదానికి రేటు కడుతుంది. ఫోన్ ఆర్డర్ అయితే పార్సిల్ చార్జీ కలుపుతుంది. మొత్తం 180 లైన్లు. రెండేళ్లు ఏ గొడవా లేకుండా నడిచింది. నేను ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చేశాను.

ఓ దసరా ముందు మావయ్య ఫోన్ చేశాడు. "పార్సిలు చార్జీ 40 నుంచి 50 చెయ్యాల్రా, కొరియర్ వాడు పెంచీసాడు" అన్నాడు. ఐదు నిమిషాల పని కదా అని స్క్రీన్ షేరింగ్‌లో ఫైల్ ఓపెన్ చేశాను. చూస్తే వేరియబుల్స్ పేర్లు ఏ, బీ, టీ, టీ1, డబ్ల్యూ, టెంప్2, ఫైనల్, ఫైనల్2. రాసింది నేనే. ఒక్క ముక్క అర్థం కాలేదు. 40 అనే అంకె మూడు చోట్ల కనిపించింది. మూడూ పార్సిల్ చార్జీయే అయి ఉంటుందని రీప్లేస్ ఆల్ కొట్టేసి, 50 చేసి, "అయిపోయింది మావయ్యా" అని పెట్టేశాను.

ఆ మూడింటిలో ఒకటి ఖాళీ పెట్టె బరువు. 40 గ్రాములు.

అంటే ఏమైంది? పావు కిలో హల్వా ఉన్న పెట్టె కాటా మీద 290 గ్రాములు తూగుతుంది. అందులోంచి 40 తీసేస్తే 250 రావాలి. ఇప్పుడు 50 పోయి 240కే బిల్లు పడుతోంది. ఏ సైజు పెట్టె అయినా సరే, ఒక్కోదానికి 10 గ్రాములు ఫ్రీ. లెక్క తేలిక కోసం కిలో 500 అనుకోండి, పెట్టెకి 5 రూపాయలు. రోజుకి 60 పెట్టెల చొప్పున 9 రోజులు. పదో రోజు మా అత్త ఒక బిల్లు పట్టుకుని ఫోన్ చేసింది. "పావు కేజీకి 240 అని పడతంది, ఏట్రా ఇది?"

ప్రోగ్రామ్ క్రాష్ అవ్వలేదు. ఎర్రర్ మెసేజ్ కూడా రాలేదు. కంప్యూటర్‌కి ఆ కోడ్‌తో ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బందంతా చదివే మనిషికే, ఆ మనిషిని నేనే.

ఈ అలవాటు ఎక్కడ మొదలైంది?

మన ఇంజనీరింగ్ కాలేజీల్లో చదివినవాళ్లకి సీ ల్యాబ్ గుర్తుండే ఉంటుంది. 1990ల మొదట్లో వచ్చిన టర్బో సీ++, ఆ నీలం స్క్రీన్, దాన్ని కొత్త విండోస్‌లో నడపడానికి డాస్‌బాక్స్. ఫ్యాక్టోరియల్, పాలిండ్రోమ్, ఆర్మ్‌స్ట్రాంగ్ నంబర్. రన్ అయితే అవుట్‌పుట్ చూపించి, మొత్తం ప్రోగ్రామ్‌ని రికార్డ్‌లో చేత్తో రాసి సంతకం పెట్టించుకోవాలి. చేత్తో రాసేటప్పుడు "మొత్తం బరువు" అని ఎవడు రాస్తాడు? ఒక్క అక్షరంతో పోయేదానికి!

నేను టర్బో సీని తిట్టడం లేదు. ల్యాబ్ ప్రోగ్రామ్ ఆయుష్షు ఒక్క రోజు, అదే అసలు విషయం. ఎక్స్‌టర్నల్ అయిపోయాక దాన్ని ఎవ్వరూ ముట్టుకోరు. రెండేళ్ల తర్వాత ఫోన్ చేసి "ఫ్యాక్టోరియల్ రేటు మార్చు" అని అడిగేవాళ్లు ఉండరు. నిజంగా వాడే కోడ్ అలా కాదు, అది మారుతూనే ఉంటుంది. రాసేది ఒకసారి, తెరిచి చదివేది పదిసార్లు. ల్యాబ్‌లో ఆ రెండో పని మనకి ఎప్పుడూ ఎదురవ్వదు, అందుకే దాని కోసం రాయడం రాదు.

ముందు పేర్లు, పేర్లలో కొలతలు

దసరా అయ్యాక ఆ వారాంతం మాడుగుల వెళ్లి కూర్చున్నా. మొదట చేసింది అంకెలకి పేర్లు పెట్టడం. కోడ్ మధ్యలో పేరు లేకుండా పడి ఉండే ఇలాంటి అంకెల్ని మ్యాజిక్ నంబర్లు అంటారు. నా 40లు అవే. ఇప్పుడు ఫైల్ మొదట్లోనే ఇలా ఉంటుంది:

ఖాళీ_పెట్టె_గ్రాములు = 40
పార్సిలు_చార్జీ_రూపాయలు = 50

కింద లెక్క చేసే చోట:

హల్వా_గ్రాములు = తూకం_గ్రాములు - ఖాళీ_పెట్టె_గ్రాములు

ఈ పేర్లు ఇక్కడ మీ కోసం తెలుగులో రాశాను, కానీ పైథాన్ 3లో నిజంగానే ఇలా తెలుగు పేర్లు పెట్టినా రన్ అవుతుంది, ట్రై చేసి చూడండి. ఆఫీస్ ప్రాజెక్ట్‌లో మాత్రం వద్దు, పక్కవాడికి ఆ కీబోర్డ్ ఉండదు.

పేరులో "గ్రాములు" ఎందుకు అంటారా? కాటా గ్రాముల్లో చూపిస్తుంది, రేటేమో కిలోకి. ఉత్త "బరువు" అని రాస్తే ఏదో ఒక రోజు రెండూ కలిసిపోతాయి. ఇది చిన్న కొట్లకే వచ్చే సమస్య అనుకోకండి. నాసా వాళ్ల మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ 1999 సెప్టెంబర్ 23న అంగారకుడి దగ్గర పోయింది ఇందుకే. లాక్‌హీడ్ మార్టిన్ సాఫ్ట్‌వేర్ ఒక లెక్కని పౌండ్-సెకండ్లలో ఇస్తే, నాసా వైపు దాన్ని న్యూటన్-సెకండ్లు అనుకుని వాడారు. రెండింటికీ తేడా దాదాపు నాలుగున్నర రెట్లు. అంకె దాటి వచ్చింది, దాని కొలత దాటి రాలేదు.

అలా అని ప్రతిదానికీ చాంతాడంత పేరు అక్కర్లేదు. మూడు లైన్ల లూప్‌లో ఐ అని పెట్టుకుంటే నష్టమేం లేదు. పేరు ఎంత దూరం ప్రయాణిస్తే అంత వివరంగా ఉండాలి, నేను పాటించేది అదొక్కటే.

ఐఫోన్‌లో ఒక ఎక్కువ లైన్

గ్యాడ్జెట్ సైట్‌లో ఉన్నాం కాబట్టి ఈ కథ చెప్పకపోతే ఎలా? 2014 ఫిబ్రవరి 21న యాపిల్ హడావుడిగా ఐఓఎస్ 7.0.6 అప్‌డేట్ వదిలింది. కారణం సీలో రాసిన సెక్యూరిటీ కోడ్‌లో ఒకే లైన్ రెండుసార్లు ఉండటం. ఆ లైన్ "గోటు ఫెయిల్". బగ్‌కి కూడా ఆ పేరే వచ్చేసింది.

సీలో ఇఫ్ తర్వాత మీసాల బ్రాకెట్లు పెట్టకపోతే, వెంటనే ఉన్న ఒక్క లైన్ మాత్రమే ఆ ఇఫ్ కిందకి వస్తుంది. అక్కడ ఇఫ్ కింద "గోటు ఫెయిల్" రెండు లైన్లు ఉన్నాయి, రెండూ ఒకే వరసలో లోపలికి జరిపి ఉన్నాయి. కంటికి రెండూ ఇఫ్ లోపలే ఉన్నట్టు కనిపిస్తాయి. కానీ రెండోది ఇఫ్ బయట ఉంది. అంటే షరతు నిజమైనా కాకపోయినా అది నడుస్తుంది, కిందున్న అసలు చెకింగ్ మొత్తం దాటేసి చివరికి దూకేస్తుంది. అప్పటికి ఎర్రర్ విలువ సున్నా, అంటే "అంతా ఓకే". మీరు కనెక్ట్ అయింది నిజమైన సర్వరా కాదా అని చూడాల్సిన సంతకం చెక్ జరగకుండానే పాస్ అయిపోయింది. అదే వైఫైలో ఉన్న దొంగ మీ బ్యాంక్ సర్వర్‌లా నటించగలిగే పరిస్థితి. మ్యాక్‌లకి ఫిక్స్ మరో నాలుగు రోజులకి, 10.9.2లో వచ్చింది.

బ్రాకెట్లు ఉండి ఉంటే ఆ ఎక్కువ లైన్ పడినా నష్టం ఉండేది కాదు. కనీసం ఒక ఫార్మాటర్ నడిపినా రెండో లైన్ ఎడమ వైపుకి జరిగి, ఎవరి కంటికైనా వెంటనే తగిలేది. అందుకే కొత్తవాళ్లకి నేనిచ్చే మొదటి సలహా ఏంటంటే, స్పేస్‌ల గురించి, అలైన్‌మెంట్ గురించి మీరు ఆలోచించకండి, ఆ పని టూల్‌కి వదిలేయండి. పైథాన్‌కి బ్లాక్, జావాస్క్రిప్ట్‌కి ప్రెటియర్, సీకి క్లాంగ్ ఫార్మాట్. అన్నీ ఫ్రీ. సేవ్ కొట్టగానే ఫార్మాట్ అయ్యేలా ఎడిటర్‌లో సెట్ చేసుకోండి, మళ్లీ ఆ సంగతి మర్చిపోవచ్చు.

మొత్తం తిరగరాయాలని తొందరపడితే

నా రెండో తప్పు ఇక్కడ చెప్పాలి. పేర్లు మార్చాక ఊపు వచ్చేసింది. 180 లైన్లూ ఒకే రాత్రి తిరగరాసేద్దాం అనుకున్నా. మధ్యలో ఒక వింత లైన్ కనిపించింది. మొత్తాన్ని 5తో భాగించి, రౌండ్ చేసి, మళ్లీ 5తో గుణిస్తోంది. ఏదో చెత్త అనుకుని తీసేశాను. పొద్దున్న మొదటి బిల్లు 123 రూపాయలు పడింది. మావయ్య నా వైపు చూశాడు. "చిల్లర ఎవుడు తెస్తాడ్రా?" కొట్టులో బిల్లుని ఎప్పుడూ దగ్గరి 5కి సర్దుతారు. రెండేళ్ల క్రితం ఆయనే అడిగి పెట్టించుకున్న లైన్ అది.

అప్పుడు కామెంట్ల విలువ తెలిసింది. "5తో భాగించు" అని కామెంట్ రాస్తే దండగ, అది కోడ్‌లోనే కనిపిస్తోంది. "కౌంటర్‌లో చిల్లర ఉండదు, అందుకే దగ్గరి 5కి" అని రాస్తే అది కోడ్ చూసి ఎవరూ కనిపెట్టలేని సంగతి. ఎందుకు అన్నది రాయండి, ఏమిటి అన్నది కోడ్ చెప్పుకుంటుంది.

తర్వాత పద్ధతి మార్చాను. పాత బిల్లులు 20 ఏరి, వాటి బరువులు, వచ్చిన మొత్తాలు ఒక ఫైల్‌లో పెట్టుకున్నా. ఒక చిన్న ముక్క మార్చడం, 20 బిల్లులూ మళ్లీ నడపడం, మొత్తాలు సరిపోతే గిట్‌లో కమిట్, లేకపోతే వెనక్కి. హల్వా బరువు లెక్క ఒక ఫంక్షన్, రేటు కట్టడం ఒకటి, పార్సిల్ ఒకటి, సర్దుబాటు ఒకటి. బిల్లు ప్రింట్ చేసే ముక్కని మాత్రం 40 లైన్లు ఉన్నా ముట్టుకోలేదు. పై నుంచి కిందకి చదివితే అర్థమవుతోంది, దాన్ని 8 ఫంక్షన్లుగా నరికితే పైకీ కిందకీ వెతుక్కోవడమే. చిన్న ఫంక్షన్ల పిచ్చి కూడా ఒక జబ్బే, దాని మీద పుస్తకాలు చదివిన కొత్తలో నాకూ పట్టింది.

"ఇప్పుడు ఏఐ రాసిస్తోంది కదా, ఇదంతా ఎందుకు?" అనొచ్చు. నేనూ వాడతా. పేర్లు అవి బాగానే పెడతాయి కూడా. కానీ మావయ్య కొట్టులో చిల్లర ఉండదని దానికి మీరు చెప్పాలి, అది రాసిచ్చిన దాంట్లో ఆ లైన్ ఉందో లేదో మీరే చదివి చూడాలి.

మొన్న సంక్రాంతి ముందు పెట్టెలు మారాయి, కొత్తవి 55 గ్రాములు. ఇంటర్ చదువుతున్న మావయ్య కూతురు తనే ఫైల్ తెరిచి, ఆ ఒక్క లైన్ మార్చి, 20 బిల్లుల్లో పెట్టె బరువు కూడా సరిచేసి నడిపి చూసుకుంది. నాకు ఫోన్ చేసింది ఆ తర్వాతే, వేరే డౌట్‌తో. "బావా, ప్రింట్ దగ్గర ఫైనల్2 అని ఒకటుంది, అదేటి?"

అదొక్కటి అలాగే మిగిలిపోయింది. ఏంటో నాకు ఇంకా గుర్తు రాలేదు, తీసేస్తే బిల్లు ఖాళీగా వస్తోంది.