అమృతాంజనం: పేరులోని రెండు మాటలు

గుంటూరు, ప్రకాశం సీమల్లో ఎండలో మిరపకాయలు కోసి వచ్చినవారు గాని, పత్తి తీసి వచ్చినవారు గాని తలనొప్పి పుడితే మొదట వెదికేది చిన్న సీసాలోని అమృతాంజనం. కణతలకు ఇంత రాసుకొని పడుకుంటారు. ఆ మాటకు అర్థమేమని తరచి చూసేవారు అరుదు.

మందు, పేరు రెండూ 1893లో బొంబాయిలో వెలసినవి. వాటి కర్త కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. వారు 1867లో ఎలకుర్రులో జన్మించారు. ఆనాడు గుంటూరు సీమ కూడా కృష్ణా జిల్లాలోనిదే. పలు భాషల ప్రజలున్న బొంబాయిలో అందరికీ అందే సంస్కృతనామం ఈ మందుకు అమరినది. 1908లో ఆరంభించిన ‘ఆంధ్రపత్రిక’కు, 1924లో వెలసిన ‘భారతి’కి ఈ మందు ఆర్జించిన ధనమే అండ అయినది.

అమృత, అంజన శబ్దాలు సవర్ణదీర్ఘసంధితో కలిసినవి. అమృతమనగా మరణం లేనిది. అంజనమనగానే మనకు కాటుక స్ఫురిస్తుంది. కాని ఈ మందు కంట పడితే కన్నీరు ఆగదు గదా! మరి అంజనమెట్లయినది? సంస్కృతంలో ‘అంజ్’ ధాతువునకు పూయుట అని ఒక అర్థం, వెల్లడించుట అని మరొక అర్థం. కంటికి పూసేది అంజనం. ఒంటికి నూనె పూయుట అభ్యంజనం. వెల్లడి అనే అర్థంలో వ్యంజనం, వ్యక్తం, అభివ్యక్తి పుట్టినవి. లాటిన్ నుండి ఇంగ్లీషుకు చేరిన ‘ఆయింట్‌మెంట్’ కూడా ఈ ధాతువునకు దూరపు చుట్టమే. కనుక ఇక్కడ అంజనమంటే కాటుక కాదు, పూతమందు.

అలంకారశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే, ఈ పేరులో అంజనం స్వభావోక్తి, అమృతం అతిశయోక్తి. మిరపలోని కారం చర్మంలో వేడిని గుర్తించే నాడీగ్రాహకాన్ని రేపి మంట పుట్టిస్తుంది. ఇటువంటి పూతమందులలోని మెంథాల్ చలువను గుర్తించే గ్రాహకాన్ని రేపి చల్లదనం పుట్టిస్తుంది. అక్కడ నిప్పూ లేదు, ఇక్కడ మంచూ లేదు. ఈ గ్రాహకాల పరిశోధనకే డేవిడ్ జూలియస్ 2021లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతిని మరొకరితో పంచుకున్నారు.

పూత వలన కలిగే ఉపశమనం అబద్ధం కాదు; అయితే నొప్పి మరుగున పడినంత మాత్రాన దాని మూలం పోదు. ఎండ వలన వచ్చిన తలనొప్పికి నీడ, నీరు, విశ్రాంతి కావలె. విడువని నొప్పికి వైద్యుడు కావలె. అంజనమని పూసుకోవచ్చును గాని, అమృతమని నమ్మి ఊరకుండరాదు.