మానితే తిరిగొచ్చే భయం: జర్మనీలో ఆందోళన మందుల చరిత్ర

1869లో బెర్లిన్‌కు చెందిన ఆస్కార్ లీబ్‌రైఖ్ క్లోరల్ హైడ్రేట్‌ను నిద్రమందుగా ప్రవేశపెట్టాడు. తెలంగాణ కల్తీ కల్లులో డయాజెపామ్, ఆల్ప్రజోలామ్‌లతో పాటు కలిపేది ఈ క్లోరల్‌నే. 2015లో అధికారుల దాడులతో ఆ కల్లు ఒక్కసారిగా ఆగినప్పుడు నిజామాబాదు, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో ఎందరో వణుకు, మూర్ఛ, మతిభ్రమణలతో ఆసుపత్రుల పాలయ్యారు.

క్లోరల్ తరువాత బార్బిట్యురేట్ల వంతు. ఎమిల్ ఫిషర్, యోసెఫ్ ఫోన్ మేరింగ్‌ల బార్బిటాల్ 1903లో 'వెరొనాల్' పేరుతో వచ్చింది. దానికీ జనం అలవాటుపడ్డారు. మోతాదు మించి మరణించారు. రోష్ సంస్థలో లియో స్టెర్న్‌బాక్ కనుగొన్న లిబ్రియం 1960లో, వేలియం 1963లో వచ్చాయి. ఇవి మాత్రమే మింగితే ప్రాణం పోవడం అరుదు. ప్రాణభయం లేనిది అలవాటు కూడా కాదని వైద్యలోకం సులువుగా నమ్మేసింది. భారీ మోతాదులో లిబ్రియం వాడి ఆపిన రోగుల అవస్థను అమెరికాలో లియో హోలిస్టర్ 1961లోనే నమోదు చేసినా ఆ నమ్మకం చాలాకాలం చెదరలేదు. గోడకు తూర్పున ఇదే డయాజెపామ్ 'ఫౌస్టాన్' అయింది. రెండు జర్మనీలు ఈ మాత్ర విషయంలో మాత్రం విడిపోలేదు.

అసలు చిక్కు మెదడులో ఉంది. ఈ మందులు గాబా అనే రసాయనం చేసే శాంతపరిచే పనిని పెంచుతాయి. వారాల తరబడి వాడితే మెదడు అందుకు తగ్గట్టు సర్దుకుంటుంది. మాత్ర ఆపగానే నిద్రలేమి, గుండెదడ, భయం మొదలవుతాయి. ఇవి పాత జబ్బు లక్షణాలే కదా! జబ్బు తిరగబెట్టిందని రోగీ, వైద్యుడూ కూడా అనుకుంటారు. మళ్ళీ మాత్ర, మళ్ళీ ఉపశమనం. మోతాదు ఏళ్ళ తరబడి పెరగకపోవచ్చు. జర్మన్ వైద్యులు దీనిని 'అల్పమోతాదు పరాధీనత' అంటారు. రాత్రికి అర మాత్ర వేసుకునే అమ్మమ్మను వ్యసనపరురాలని ఎవరంటారు?

జర్మనీలో ఇలా ఆధారపడినవారు పది లక్షలకు పైనేనని చాలాకాలంగా అంచనా. లెక్క తేలకపోవడానికి చీటీ రంగూ ఒక కారణం. 2024కు ముందు ప్రభుత్వ ఆరోగ్య బీమా చీటీ సాధారణంగా గులాబీ రంగులో ఉండేది. దాని వివరాలు బీమా నిధికి చేరతాయి. సొంత డబ్బుతో కొనే మందుకు రాసే ప్రైవేటు చీటీ సాధారణంగా నీలం. బీమా ఉన్న రోగికి కూడా నీలిచీటీ మీద ఈ మాత్రలు రాస్తే ఆ కొనుగోలు బీమా గణాంకాల్లో కనబడదు. బ్రెమెన్ ఆచార్యుడు గెర్డ్ గ్లేస్కె ఈ సంగతినే ఏళ్ళ తరబడి ఎత్తిచూపాడు.

అక్కడి వైద్యులకు 'నాలుగు కే'ల నియమం ఉంది: స్పష్టమైన కారణం, వీలైనంత చిన్న మోతాదు, కొద్దికాలపు వాడకం, హఠాత్తుగా ఆపకపోవడం. ఆచరణలో చివరిదే కష్టం. ఏళ్ళ తరబడి వాడినవారికి మోతాదును కొద్దికొద్దిగా, వైద్యుని పర్యవేక్షణలో, వారాలు, ఒక్కోసారి నెలల పాటు తగ్గించాలి.