సినిమా వదిలేసిన పాట, జనం ఎత్తుకున్న పాట

డోర్నకల్ జంక్షన్‌లో కాజీపేట వైపు వెళ్లే బండెక్కితే కాసేపటికి మానుకోట వస్తుంది. కాగితాల మీద మహబూబాబాద్. ఆ పక్కనున్న కంబాలపల్లిలో 1974లో పుట్టిన గిల్లా చక్రధరే తెలుగు సినిమాకు సంగీత దర్శకుడు చక్రి. 'ఇడియట్', 'శివమణి', 'సత్యం' పాటలతో ఆటోలనూ కాలేజీ ఫంక్షన్లనూ ఊపేసినవాడు. కానీ ఇవాళ గిటారు పట్టిన కుర్రాళ్లూ, పాటల పోటీల్లో మైకు ముందు నిలబడే పిల్లలూ, సంస్మరణ సభల్లో గాయకులూ తరచుగా ఎత్తుకునేది ఆ హిట్లను కాదు. 2005లో వచ్చి ఆడకుండా పోయిన కృష్ణవంశీ 'చక్రం'లో చక్రే బాణీ కట్టిన 'జగమంత కుటుంబం' పాటను. సినిమా పోయినా పాట బతికిందని సరిపెట్టుకోవడం తేలిక. నిజానికి ఆ పాట సినిమాకు అంటుకుపోలేదు, పైగా మామూలు గొంతుకు అందేలా ఉంది. బతికింది అందుకే.

తెర మీద అది ప్రాణాంతకమైన జబ్బును గుండెల్లో దాచుకున్న కుర్రాడి పాట. పాట రాసిన సిరివెన్నెల సాహిత్యంలో మాత్రం ఆ జబ్బు లేదు, హీరోయిన్ పేరు లేదు, కథ మలుపు లేదు. లోకమంతా నావాళ్లే, అయినా నేను ఒంటరినే అనే ఒక్క వైరుధ్యం చుట్టూ పాటంతా తిరుగుతుంది. కాబట్టి వీడ్కోలు సభలోనైనా, హాస్టల్ గదిలోనైనా ఇట్టే ఇమిడిపోతుంది. పాడింది శ్రీ. సంగీత దర్శకుడు చక్రవర్తి కొడుకు, తనూ సంగీత దర్శకుడే. గొంతు ప్రతాపం చూపించే పాట కాదది. గమకాల ఆర్భాటం లేకుండా, మాట వెంట స్వరం నడుస్తుంది. ఆర్కెస్ట్రా మొత్తం తీసేసి ఒక్క గిటారు ఉంచినా పాటకు లోటు రాదు. మామూలు గొంతులే పాటను నిలబెట్టడం కొత్త కాదు. డోర్నకల్ డయోసిస్ చర్చిల్లో పాడుకునే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పైన రాగం, తాళం రాసే ఉంటాయి. కానీ వాటిని నిలబెట్టింది విద్వాంసులు కాదు, అందుకుని పాడే సభ. హాలీవుడ్‌లోనూ ఇదే జరిగింది. 1961లో 'బ్రేక్‌ఫాస్ట్ ఎట్ టిఫానీస్' కోసం హెన్రీ మాన్సిని 'మూన్ రివర్' కట్టినప్పుడు, సంగీత శిక్షణ లేని ఆడ్రీ హెప్‌బర్న్ గొంతు కొలతకే కట్టాడు. స్థాయి సుమారు ఒక ఆక్టేవ్, అంతే. ఆమె కోసం పెట్టుకున్న ఆ హద్దే తర్వాత ఎందరెందరో గాయకులకు తలుపు తెరిచింది.

మరి 'నాటు నాటు' మాటేమిటని అడగవచ్చు. రాసిన చంద్రబోసూ భూపాలపల్లి జిల్లా చల్లగరిగ వాడే, 2023లో ఆస్కార్ వచ్చింది, దేశదేశాల్లో జనం చిందేశారు. ఒప్పుకోవాల్సిందే. అయితే అక్కడ జనం తిరిగి వేసింది స్టెప్పును. వెనక మోగింది ఎక్కువగా అసలు రికార్డింగే. దాన్ని అనుకరించారు, ఇంకో గొంతుతో కొత్తగా పాడలేదు. రెండూ గొప్పే, కానీ రెండూ ఒకటి కాదు.

ఇంకాస్త బరువైన అభ్యంతరం ఒకటుంది: ఇదంతా సిరివెన్నెల గొప్పతనమే, ట్యూన్‌దేముంది అని. అలాగైతే 1993 నాటి 'గాయం'లో ఆయనే రాసిన 'నిగ్గదీసి అడుగు' కూడా ఇంతగానే పాడుకోవాలి. దానికి బాణీ కట్టింది ఇదే శ్రీ. సాహిత్యం ఏమాత్రం తీసిపోదు. అయినా దాని పంక్తులు ఉపన్యాసాల్లో చెప్పుకున్నంతగా ఇంటి పాటగా పాడుకోం. దానికి, పాడిన బాలసుబ్రహ్మణ్యం స్థాయి ఆవేశం, దమ్ము కావాలి. మాట ఎంత బరువైనదైనా మోయగలిగేంత తేలికగా బాణీ ఉన్నప్పుడే పది గొంతులకు పాకుతుంది. ఆ పని చేసింది చక్రి. 'మాస్ బీట్' మనిషని ముద్ర వేసేసి ఈ లెక్క మనం సరిగా కట్టలేదు. 2014 డిసెంబర్ 15న చక్రి, మరుసటి ఏప్రిల్‌లో శ్రీ, 2021 నవంబర్ 30న సిరివెన్నెల వెళ్లిపోయారు. ఈ పాట ఎత్తుకోబోయే ముందు వేదిక మీద సిరివెన్నెలకు నమస్కరించడం ఆనవాయితీ అయింది, మంచిదే. బాణీ ఎవరిదో కూడా అదే ఊపిరిలో చెబితే పాటకు అర నిమిషం కూడా ఆలస్యం కాదు.